వీరభద్రంగారి గడ్డిమేటు

రాజమండ్రిలో నాలుగో అంతస్తు మీద గాలి స్వచ్ఛంగా ఉంటుందని వీరభద్రంగారికి చెప్పినవాడు ఆ నాలుగో అంతస్తు కట్టి అమ్మినవాడే. ఇంత నిష్పక్షపాతమైన సలహా దొరికాక మరొకరిని అడగడం మర్యాద కాదనిపించి ఆయన అడగలేదు. గోదావరి మీంచి బయల్దేరిన గాలి ఎలా హాల్లోకి వస్తుందో, ఎలా వంటింటి కిటికీలోంచి సెలవు తీసుకుంటుందో బిల్డరు చేత్తో గీసి చూపించాడు. గాలి ఆ చేతిని చూసినట్టు లేదు. వచ్చినప్పుడల్లా హాల్లోనే కూర్చుండిపోయేది.

గాలి కావలసింది వీరభద్రంగారికి కాదు, ఆయన భార్య సీతారామలక్ష్మికి. ఆవిడకి ఉబ్బసం.

వీరభద్రంగారు ధవళేశ్వరంలో కాలవల ఆఫీసు గుమాస్తా. సొంతూరు ద్రాక్షారామం దాటాక కాలవగట్టు మీద ఉంటుంది. అక్కడ కాస్త మాగాణి, పెంకుటిల్లు, రెండు గేదెలు, ఇంటి వెనకాల గడ్డిమేటు ఉండేవి. ఆయన రోజూ బస్సులో ఆఫీసుకి వెళ్ళి సాయంత్రం బస్సులో వచ్చేవారు. గేదెల సంగతి, గడ్డి సంగతి, పిడకల సంగతి అన్నీ సీతారామలక్ష్మి చూసుకునేది. ఆవిడకి నలభయ్యో పడిలో ఆయాసం మొదలైంది. మొదట మెట్లెక్కితే వచ్చేది, తర్వాత మేటు దూసి గడ్డి వేస్తే వచ్చేది, ఆ తర్వాత ఏమీ చెయ్యకపోయినా వచ్చేది.

రామచంద్రపురం డాక్టరు చూసి, "గడ్డి దుమ్మూ, పిడకల పొగా ఈవిడ దరిదాపుల్లో ఉండకూడదండి" అన్నాడు.

గుమాస్తాకి ఉత్తర్వు అందితే అమలు జరగాలి. వీరభద్రంగారు ముందు గేదెల్ని అమ్మేశారు. వాటిని తోలుకుపోతుంటే సీతారామలక్ష్మి గుమ్మంలో నిలబడింది. గేదెలు వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడా ఏడవలేదు, ఏడిస్తే ఆయాసం వస్తుంది. తర్వాత మేటులో మిగిలిన గడ్డి ఎవరికో ఇచ్చేశారు. పొలం బుల్లిరాజు అనే రైతుకి కౌలుకిచ్చారు. ఇంటికి తాళం పెట్టి, పుష్కరాలు వెళ్ళిన ఏడాది భార్యని తీసుకుని రాజమండ్రి వచ్చి నాలుగో అంతస్తులో దిగారు. రోగానికి మూలమైన గడ్డికీ తన భార్యకీ మధ్య ఓ బస్సు ప్రయాణమంత దూరం పెట్టానని ఆయనకి కొంత గర్వంగా కూడా ఉండేది.

మొదటి ఏడాది వానాకాలం బాగానే వెళ్ళింది. చలికాలం మొదట్లో ఓ పొద్దున్న లేచి చూస్తే ఊరు లేదు. తెల్లగా ఉంది. అందరూ మంచు అన్నారు. ఎండెక్కితే మంచు కరగాలి. ఇది ఎండెక్కాక పసుపురంగుకి తిరిగింది, మధ్యాహ్నానికి బూడిదరంగుకి వచ్చింది, సాయంత్రానికి ముక్కుకి తెలియడం మొదలుపెట్టింది. డాబా మీంచి రోజూ కనిపించే రైలు వంతెన వారం రోజులు కనిపించలేదు. రైళ్ళు మాత్రం దాని మీద ఎప్పటిలాగే వెళుతున్నట్టు చప్పుడు వినిపించేది.

దీని మీద అపార్టుమెంటు సంఘం అత్యవసర సమావేశం జరిపింది. అధ్యక్షులు మూడో అంతస్తు శివరామకృష్ణగారు, ఫిజిక్సు లెక్చరరుగా రిటైరైనవారు. చర్చ గంభీరంగా సాగింది. లారీ లేనివారు ఇసుక లారీలన్నారు. బట్టీ లేనివారు గోదావరి గట్టున ఇటుక బట్టీలన్నారు. రైసుమిల్లులో వాటా ఉన్న రెండో అంతస్తు ఆయన, ఆటోల్లో కిరసనాయిలు కలుపుతున్నారనీ, సమస్తానికీ అదే కారణమనీ అన్నారు. పొలం లేనివారు ఆ గదిలో ఎవరూ లేరు కాబట్టి పొలాల ప్రస్తావన రాలేదు. చివరికి, వాచ్‌మన్ వెనక గోడ దగ్గర రాలిన వేపాకు కాల్చరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. వాచ్‌మన్ తలూపాడు. రాజమండ్రి ఆకాశానికి ఆ సంగతి ఎవరూ తెలియజేయలేదు.

ఆ సాయంత్రం సీతారామలక్ష్మి డాబా మీద ఉప్పుమిరపకాయలు ఎత్తుతూ ఆగింది. గాలి పీల్చి, వదిలి, మళ్ళీ పీల్చింది.

"ఏవండీ, వరిగడ్డి కాలుతోంది."

"చెత్తయి ఉంటుందిలే" అన్నారు వీరభద్రంగారు పేపరు దించకుండా.

"చెత్త వాసన నాకు తెలీదా? ఇది గడ్డండి. సరిగ్గా ఆరకుండా ముట్టించారు."

"కడియం వైపు ఎవరో కాలుస్తున్నారేమో."

"ఒక్కరు కాలిస్తే ఇంత రాదు." ఆవిడ కాస్త ఆగి, ఊపిరి కూడదీసుకుని అడిగింది. "మన చేలో గడ్డి ఏం చేశాడండి బుల్లిరాజు?"

"ఏదోటి చేసుంటాడు."

ఈ మాట వీరభద్రంగారు కొత్తగా అన్నది కాదు. కోతలయ్యాక బుల్లిరాజు ఫోను చేసి, "గడ్డి ఏం చెయ్యమంటారండి?" అని అడిగినప్పుడు కూడా ఈయన "ఏదోటి చేసెయ్‌రా" అనే అన్నారు. ఇరవయ్యేళ్ళు ఫైళ్ళ మీద పనిచేసినవారికి ఇంతకంటే సంపూర్ణమైన ఆదేశం తెలియదు. బాధ్యత కిందకి దిగుతుంది, పేరు పైన ఉంటుంది. ఆ ఏదోటి ఏమిటో అడగాలని మాత్రం తోచలేదు.

మర్నాడు ఆఫీసు నుంచి ఊళ్ళో కిళ్ళీకొట్టు ఫోనుకి చేసి బుల్లిరాజుని పిలిపించారు.

"బుల్లిరాజూ, గడ్డేం చేశావు?"

"ఆయ్, తవరు చెప్పినట్టే చేసేనండి."

"నేనేం చెప్పాను?"

"ఏదోటి చేసెయ్యమన్నారు కదండి. ముట్టించేశానండి."

"అంతా?"

"ఆయ్, అంతానండి. ఎవరిక్కావాలండి గడ్డి? కోత మిషనొచ్చి ముక్కలు ముక్కలు చేసి పారేత్తంది. దాళ్వాకి కాలవ నీళ్ళొచ్చేలోపు చేను ఖాళీ చెయ్యాలి కదండి. తేదీ ఇచ్చింది తవరి ఆఫీసోళ్ళే కదండి."

అది నిజమే. రెండో పంటకి కాలవల్లో నీళ్ళు ఎప్పుడు వదిలేదీ, ఎప్పుడు కట్టేసేదీ తెలిపే ప్రకటన టైపు చేసింది వీరభద్రంగారే. చివర్లో "రైతులు తగు జాగ్రత్తలు తీసుకొనవలెను" అన్న వాక్యం ఆయన సొంత కల్పన. పైవాళ్ళకి అది నచ్చి ఏటా ఉంచేస్తున్నారు. రైతులు తీసుకున్న తగు జాగ్రత్త ఇదన్నమాట.

ఆ వారంలోనే సీతారామలక్ష్మికి పెద్ద ఆయాసం వచ్చింది. డాక్టరు శరత్‌చంద్ర నర్సింగుహోములో నాలుగు రోజులుంచారు. డిశ్చార్జి చేస్తూ ఆయన వీరభద్రంగారిని పక్క గదిలోకి పిలిచారు. మంచి మనిషి, మాటకారి.

"ఇంత పొగ ఎక్కణ్ణుంచొస్తోందండీ?" అని అడిగారు వీరభద్రంగారు. జవాబు తెలిసినవాడు అడిగే పద్ధతిలో, బల్ల మీద పేపరు వెయిటు వైపు చూస్తూ అడిగారు.

"లారీలూ అవీ ఉన్నాయి, కానీ అవి ఏడాది పొడుగునా ఉన్నవే. చలికాలంలో గాలి పైకి లేవదండి, మూతేసిన గిన్నెలా ఉంటుంది. ఆ గిన్నెలోకి మిల్లుల ఊక పొగొస్తుంది, బట్టీల పొగొస్తుంది. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తిరిగి కింది చేల పొగంతా ఇటే నెట్టుకొస్తుంది. ఈ ఊరి పొగంతా ఈ ఊరిదే అనుకోకండి. ఇంతకీ తమరిదే ఊరు?"

"ద్రాక్షారామం అవతలండి."

"అయితే మీ ఊరి పొగ కూడా మీతోపాటే వచ్చి ఇక్కడ కాపురం పెట్టిందన్నమాట" అని డాక్టరు నవ్వారు. వీరభద్రంగారు నవ్వలేదు. డాక్టరు నవ్వు ఆపి అసలు సంగతి చెప్పారు. "ఇంకోసారి ఇంత గట్టిగా వస్తే ఆవిడ తట్టుకుంటారని నేను చెప్పలేనండి. ఈ మందులు మానొద్దు. వచ్చే చలికాలం ఎలాగోలా దాటించండి."

బస్సులో ఇంటికి వస్తూ వీరభద్రంగారు ఆలోచించారు. ఆలోచన అంటే పెద్దగా ఏమీ లేదు, వరస కలుపుకోవడమే. గేదెలుంటే గడ్డి కావాలి. గడ్డి కావాలంటే మేటు వెయ్యాలి. మేటు వేస్తే దుమ్ము వస్తుందని గేదెల్ని అమ్మారు. గేదెలు పోయాక గడ్డికి నోరు లేకుండా పోయింది. నోరు లేని గడ్డికి నిప్పు పెట్టారు. ఇన్నేళ్ళూ ఆ పొగని రెండు గేదెలు నమిలి మింగుతూ వచ్చాయి, ఆయనకి తెలియలేదు. డాక్టరు దుమ్ముకి దూరంగా ఉంచమంటే ఆయన దుమ్ముని పొగ చేసి పంపించారు. పక్కసీట్లో సీతారామలక్ష్మి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. ఆవిడకి ఈ వరస చెప్పాలా వద్దా అని కొంచెంసేపు అనుకున్నారు. ఇల్లొచ్చింది.

చెప్పలేదు. ఆవిడా అడగలేదు. డాబా మీదికి వెళ్ళడం మానేసింది. వేసవి వచ్చింది, వానలు వచ్చాయి, ఆవిడ మందులు వేసుకుంది, సీరియళ్ళు చూసింది, తక్కువ మాట్లాడింది. మాట్లాడటం కూడా ఒక ఖర్చే అన్నట్టు, వాక్యాలు చిన్నవి చేసుకుంది. "అన్నం పెట్టేదా?" అనేది "పెట్టేదా?" అయింది. తర్వాత కంచం చప్పుడే మిగిలింది. వీరభద్రంగారు ఆ చప్పుడుకి లేచి వచ్చి కూర్చునేవారు.

మళ్ళీ దాళ్వా ప్రకటన టైపు చెయ్యవలసిన రోజు వచ్చింది. ఆయన చేశారు. తేదీ వేసే చోట వేళ్ళు ఆగాయి. ఓ పక్షం వెనక్కి జరిపితే గడ్డి తీసుకోవడానికి రైతులకి వ్యవధి ఉంటుందని తోచింది. కానీ జరిపితే పంట వెనకబడుతుంది, వేసవిలో కాలవలు కట్టేసే వేళకి చేను ఇంకా గింజలో పాలు పోసుకుంటూ ఉంటుంది. పైగా తేదీలు జరపడం గుమాస్తాల చేతిలో ఉంటే గోదావరి ఎప్పుడో ఎండిపోయేది. ఉన్న తేదీ ఉన్నట్టే టైపు చేసి, తగు జాగ్రత్తలు తీసుకొనవలెనని కూడా వేశారు.

ఈసారి మాత్రం బుల్లిరాజు ఫోను చేసి "గడ్డి ఏం చెయ్యమంటారండి?" అన్నప్పుడు ఆయన, "ఏం చెయ్యకు, నేనొస్తున్నా" అన్నారు. బుల్లిరాజు మళ్ళీ అడిగి ఖాయం చేసుకున్నాడు. వీరభద్రంగారు పొలం రావడమనేది బుల్లిరాజు కౌలులో జరగని విషయం.

"మీరెందుకండీ? ఫోన్లో చెప్తే చాలదా?" అంది సీతారామలక్ష్మి. ఆ ఏడాది ఆవిడ మాట్లాడిన పెద్ద వాక్యాల్లో అదొకటి.

"ఫోన్లో చెప్తే చేస్తాడు. ఏం చేస్తాడన్నదే తెలీదు."

"ముట్టించకుండానా?"

"ముట్టించకుండానే."

ఆవిడ ఆయన వైపు చూసింది. సంతోషమో, జాలో పోల్చుకోవడం కష్టం. "మఫ్లరు పట్టుకెళ్ళండి" అంది.

ఇంట్లో మనిషిని ఓ కంట కనిపెట్టమని శివరామకృష్ణగారి భార్యని అడిగి, రేపు పొద్దున్నకి వచ్చేస్తానని చెప్పి, వీరభద్రంగారు ఆఫీసు ప్యాంటూ చొక్కాతోనే పొలం వెళ్ళారు.

చేను కోసేసి ఉంది. మిషను తిరిగిన దారుల్లో గడ్డి వరసలు వరసలుగా పడి ఉంది. చుట్టూ చేలు కొన్ని అప్పటికే నల్లగా ఉన్నాయి. బుల్లిరాజు, అతని భార్య చిట్టెమ్మ గట్టు మీద నిలబడి, ఏదో తనిఖీకి వచ్చిన ఆఫీసరుని చూసినట్టు చూశారు.

"ఇదంతా ఎత్తి గట్టు మీదకి మేటు వేద్దాం" అన్నారు వీరభద్రంగారు.

"ఏసి?" అన్నాడు బుల్లిరాజు.

"వేసి ఉంచుదాం."

"ఎవరికోసమండి? ఊళ్ళో గేదెలున్నోళ్ళకి ఆళ్ళ గడ్డే ఎక్కువైపోతంది."

"గేదెలమ్మేసుకున్నోళ్ళకి గడ్డి మీద ఇంత ప్రేమేంటో" అంది చిట్టెమ్మ, కొంగు బిగించి దోపుకుంటూ. ఎవరితోనో అన్నట్టు అంది గానీ అక్కడ ఇంకెవరూ లేరు.

"ఏయ్, ఊరుకో" అన్నాడు బుల్లిరాజు.

"ఊరుకోక ఏం చేత్తాం. ఎత్తమన్నాక ఎత్తుతాం. అమ్మగారికెలాగుందండి?"

"అందుకే వచ్చాను" అన్నారు వీరభద్రంగారు. చిట్టెమ్మ చేలోకి దిగింది.

నలుగురు కూలీల్ని తెచ్చారు. వీరభద్రంగారు కూడా ప్యాంటు మడిచి దిగారు. మేటు వెయ్యడం చిన్నప్పటి నుంచీ చూసిందే తప్ప వేసింది కాదు. చుట్టూ తొక్కుకుంటూ, నడుము దగ్గర కాస్త వెడల్పు చేసి, పైకి సన్నగా తీసుకెళ్ళాలి. పైగా మిషను కోసిన ముక్కగడ్డికి పట్టు లేదు. ఈయన పైన నిలబడి తొక్కిన కొద్దీ మేటు ఉత్తరం వైపు వినయంగా వంగుతూ వచ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

"ఏంటండీ భద్రంగారూ, మేటా అది? నమస్కారం పెడుతున్నట్టుందండీ!" అన్నాడొకడు.

"ఇటేపు కర్ర పోటెయ్యండి, లేపోతే మీతోపాటే దిగొచ్చేత్తాది" అన్నాడింకొకడు. కర్ర ఎవరూ తెచ్చివ్వలేదు. చివరికి చిట్టెమ్మే తెచ్చి పోటు పెట్టింది.

మధ్యాహ్నం దాటేసరికి చేను ఖాళీ అయింది. మేటు నిలబడింది. వీరభద్రంగారు దిగి, దూరంగా వెళ్ళి, దాన్ని చూసుకున్నారు. అంత వికారమైన మేటు ఆ ప్రాంతంలో అంతకుముందు ఎవరూ వేసి ఉండరు. అయినా అది కాలలేదు. గడ్డి, గడ్డిలాగే ఉంది.

అప్పుడు పక్కచేను చంద్రరావు గట్టు మీద నుంచి కేకేశాడు. ఆ వైపు ఒక పద్ధతి ఉంది. చేలో నిప్పు పెట్టేవాడు పక్కచేను వాళ్ళని కేకేసి చెప్పాలి. చెప్పకుండా పెట్టడం అమర్యాద. చెప్పి పెడితే ఏ గొడవా లేదు.

"భద్రంగారండోయ్! నిప్పెడుతున్నామండి!"

వీరభద్రంగారు గట్టు మీంచి నడిచి వెళ్ళారు. చంద్రరావు చేతిలో అగ్గిపెట్టె పట్టుకునే నమస్కారం పెట్టాడు.

"చాన్నాళ్ళకి కనపడ్డారండి. చెల్లెమ్మకి ఎలాగుందండి ఒంట్లో?"

"అంత బాగాలేదు చంద్రరావుగారూ. పొగ పడదు."

"అయ్యయ్యో. పాపం ఆవిడ చెయ్యి ఎంత మంచిదండీ. మా పెద్దమ్మాయి పురుడప్పుడు నెల్లాళ్ళు పాలూ నెయ్యీ ఆవిడే పంపారు. డాక్టరేమంటున్నారండి?"

"ఈ చలికాలం దాటిస్తే చాలంటున్నారు."

"దాటిస్తారండి, దేవుడున్నాడు" అన్నాడు చంద్రరావు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అబద్ధం కాదు. ఆ కళ్ళతోనే గాలి ఎటు ఉందో చూసుకున్నాడు.

"ఈ పూటకి ఆపగలరా?" అన్నారు వీరభద్రంగారు.

"ఆపుదునండి. కానీ ఎల్లుండి కాలవ నీళ్ళొచ్చేత్తన్నాయి. మీకు దొరికినట్టు అందరికీ కూలోళ్ళు దొరకరు. మీకు తెలీనిదేవుందండి."

"తెలుసు. నేనే టైపు చేశాను."

"మరదేనండి." చంద్రరావు కాస్సేపు ఆయన వేసిన మేటు వైపు చూశాడు. "తప్పుగా అనుకోకండి. మీ ఒక్క చేను ఆపితే రాజమండ్రికి తెలుస్తుందంటారా?"

"తెలీదు."

"మరి?"

వీరభద్రంగారు జవాబు వెతుక్కున్నారు. దొరికింది చిన్నది. "మా ఇంట్లో అడిగితే చెప్పడానికుంటుంది."

చంద్రరావు గౌరవంగా తలూపాడు. "తవరు కాస్త అటు జరగండి, పొగ తగుల్తుంది" అని, ఆయన జరిగేదాకా ఆగి, అగ్గిపుల్ల గీశాడు.

గడ్డి మంట చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. తక్కువ ఎత్తులో, తొందరగా, పని ఉన్నదానిలా వెళుతుంది. పొగ మాత్రం తొందరపడదు. చేను మీద లేచి, ఒకసారి నిలబడి, పడమటి వైపు తిరిగి, రాజమండ్రి దారి పట్టింది. దాంట్లోంచి కొంత గాలి మారినప్పుడల్లా వీరభద్రంగారి మీదకి వచ్చింది. నిప్పురవ్వలు మేటు మీద పడుతున్నాయి. బుల్లిరాజు తడిపిన గోనెసంచులు తెచ్చాడు. ఆయనా బుల్లిరాజూ చెరోవైపు నిలబడి, రవ్వ పడ్డచోటల్లా గోనెతో కొట్టారు. కళ్ళు మండాయి. దగ్గొచ్చింది. ఆయన భార్య దగ్గు ఎలా ఉంటుందో ఆయన లోపలి నుంచి తెలుసుకోవడం అదే మొదటిసారి. తెలుసుకున్నంత మాత్రాన ఏమీ అనిపించలేదు. గోనె ఎత్తడం, కొట్టడం, అంతే.

చీకటి పడేసరికి చంద్రరావు చేను నల్లబడింది. అవతల చేను, దాని అవతల చేను కూడా. మధ్యలో వీరభద్రంగారి చేను పచ్చి మోళ్ళతో, పక్కన వంకర మేటుతో, నల్లచొక్కా మీద అతుకులా మిగిలింది. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. నిప్పు పూర్తిగా చల్లారిందని నమ్మకం కుదిరేదాకా కూర్చుని, ఆయన బుల్లిరాజు అరుగు మీద పడుకున్నారు. సబ్బుతో కడుక్కోమని చిట్టెమ్మ చెప్పింది. పొద్దున్న ఇంటికే వెళుతున్నాను కదా అన్నారు.

పొద్దున్న మొదటి బస్సులో దారంతా తెల్లగా ఉంది. కండక్టరు కిటికీలు వేయించాడు. ఎవరో ముసలాయన, "ఈ ఏడు మంచెక్కువగా ఉందండి" అన్నాడు. వీరభద్రంగారు అవునన్నారు.

నాలుగో అంతస్తు తలుపుకి తాళం ఉంది. మూడో అంతస్తులో శివరామకృష్ణగారు లుంగీ మీద స్వెట్టరు వేసుకుని బయటికొచ్చారు.

"వచ్చారా! నిన్న సాయంత్రం దీపాలెట్టే వేళకి ఆవిడకి ఆయాసం వచ్చిందండి. మా ఆవిడ చూసింది కాబట్టి సరిపోయింది. ఆటోలో శరత్‌చంద్రగారి దగ్గరికి తీసుకెళ్ళాం. మీ ఊరి కిళ్ళీకొట్టుకి చేస్తే మూసేసినట్టుంది, ఎవరూ ఎత్తలేదు."

"ఎలా ఉంది?"

"గండం గడిచిందన్నారు. మా ఆవిడ అక్కడే ఉండి ఇప్పుడే వచ్చింది. ఇంతకీ మీరేంటండీ, ఇలా ఉన్నారు? ఎక్కడన్నా ఇల్లు గానీ తగలబడిందా?"

వీరభద్రంగారు మెట్లు దిగి వెళ్ళిపోయారు.

నర్సింగుహోములో వార్డు పొడుగ్గా ఉంది. సీతారామలక్ష్మి మంచం కిటికీ వైపు ఆఖరున ఉంది. ముక్కుకీ నోటికీ కలిపి మాస్కు పెట్టారు. మెలకువగానే ఉంది. ఆయన్ని చూసి చెయ్యి కాస్త ఎత్తింది. ఆయన దగ్గరికి నడిచారు. మంచం చేరేలోపే ఆవిడ దగ్గడం మొదలుపెట్టింది. ఆగలేదు.

"ఏవండోయ్, ఆగండాగండి!" అంటూ ఆశీర్వాదం అనే వార్డుబాయి పరిగెత్తుకొచ్చాడు. నడివయసు మనిషి. వీరభద్రంగారి భుజం పట్టుకుని వరండాలోకి నడిపించాడు. "తవరేంటండీ, పొయ్యిలోంచి లేచొచ్చారా? ఆవిడ ఊపిరి నిలబెట్టడానికి నిన్న డాక్టరుగారు ఎంత అవస్థ పడ్డారో తెలుసా?"

"నేను ఆవిడ భర్తని."

"అయితే మరీ తప్పండి. ఇప్పండి చొక్కా."

వెనక కుళాయి దగ్గర ఆశీర్వాదం సబ్బు ఇచ్చాడు. వీరభద్రంగారు బనీను కూడా విప్పి ముఖం, చేతులు, మెడ కడుక్కున్నారు. మురిక్కాలవలోకి నల్లనీళ్ళు పోయాయి. చాలాసేపు పోయాయి. ఆశీర్వాదం తన పెట్టెలోంచి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా తీసిచ్చాడు. పొట్ట దగ్గర గుండీ పట్టలేదు. పట్టకపోతే ఫరవాలేదన్నాడు.

రెండోసారి వెళ్ళారు. ఈసారి రెండు మంచాల దూరం దాకా రానిచ్చింది. అక్కణ్ణుంచి మళ్ళీ దగ్గు.

"జుట్టులో ఉందండి వాసన. జుట్టేం చేత్తాం" అన్నాడు ఆశీర్వాదం. ఒక స్టూలు తెచ్చాడు. అక్కణ్ణుంచి శాస్త్రీయమైన పరిశోధన జరిగింది. స్టూలు వేస్తాడు, వీరభద్రంగారు కూర్చుంటారు, ఇద్దరూ ఆవిడ వైపు చూస్తారు. దగ్గితే స్టూలు వెనక్కి. మిగతా రోగుల బంధువులు కూడా ఆసక్తిగా చూసి, "ఇంకాస్త ఎనక్కండి" అని సలహాలిచ్చారు. చివరికి గుమ్మం పక్కన, మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర స్టూలు నిలిచింది. దగ్గు ఆగింది.

సీతారామలక్ష్మి మాస్కు కాస్త ఎత్తి ఏదో అడిగింది. ఇంత దూరం వినపడలేదు. ఆశీర్వాదం మంచం దగ్గరికి వెళ్ళి విని, వచ్చి చెప్పాడు.

"కాల్చారా అంటన్నారండి."

"లేదని చెప్పు. మనది కాల్చలేదని చెప్పు."

ఆశీర్వాదం వెళ్ళి చెప్పాడు. ఆవిడ తలూపి మళ్ళీ ఏదో అంది. అతను మళ్ళీ వచ్చాడు.

"మరి ఈ పొగెవరిదంటన్నారు."

"చంద్రరావుదని చెప్పు."

చెప్పాడు. ఆవిడ మాస్కు సర్దుకుని కళ్ళు మూసుకుంది. ఆశీర్వాదాన్ని వేరే వార్డులోంచి ఎవరో పిలిచారు, వెళ్ళిపోయాడు. కిటికీ అవతల తెల్లగా, ఏమీ కనపడకుండా ఉంది. దుప్పటి ఆవిడ ఛాతీ మీద లేవడం, దిగడం గుమ్మం దగ్గరికి కూడా తెలుస్తూనే ఉంది. వీరభద్రంగారు దాన్నే చూస్తూ, స్టూలు జరక్కుండా రెండు కాళ్ళూ నేలకి ఆనించి కూర్చున్నారు.